నెహ్రూ రూపాయి వెండిది కాదు: స్మారక నాణేలపై అపోహలు - వాస్తవాలు

బరంపురం పెద్ద బజారులో మాది చిన్న వెండి కొట్టు. నాన్న హయాంలో పట్టీలు, కుంకుమ భరిణెలు మాత్రమే ఉండేవి. నా చేతికొచ్చాక ఓ మూల అద్దాల పెట్టెలో పాత నాణేలు చేరాయి. ఇచ్ఛాపురం, సోంపేట, పర్లాకిమిడి నుంచి పట్టుచీరల కోసం వచ్చేవాళ్లు పనిలో పనిగా ఇంట్లో దొరికిన పాత చిల్లర మూటగట్టుకొచ్చి నా ముందు గుమ్మరిస్తారు. తెలుగులో అడిగినా ఒడియాలో అడిగినా ప్రశ్న ఒకటే: "ఎన్ని లక్షలొస్తాది?"

మొన్న శ్రావణంలో ఇచ్ఛాపురం దగ్గరి పల్లె నుంచి ఒక పెద్దాయన వచ్చారు. సంచిలోంచి ముందు చెక్కపెట్టె తీశారు. అందులో ఎన్టీఆర్ వంద రూపాయల నాణెం. తర్వాత ఓ కాగితం పొట్లం, అందులో నెహ్రూ రూపాయి ఒకటి, ఇందిరాగాంధీ అయిదు రూపాయలు మూడు. గంటసేపు కూర్చున్నారు. ఈయన అడిగినవే రోజూ పదిమంది అడుగుతారు కాబట్టి ఇక్కడ రాసేస్తున్నాను.

అపోహ: పోయిన పెద్దల బొమ్మ ఉంటే అది అరుదైన నాణెం, పైగా వెండిది.

స్వతంత్ర భారతంలో తొలి స్మారక నాణెం నెహ్రూదే. ఆయన 1964 మే 27న పోతే, అదే ఏడాది రూపాయి, అర్ధరూపాయి వచ్చాయి. ఇందిరాగాంధీ నాణేలు 1985లో, రాజీవ్ గాంధీ రూపాయి 1991లో వచ్చాయి. వీటిని జనం జేబుల్లో తిరగడానికే కోట్లలో కొట్టారు. కోట్లలో కొట్టింది అరుదెలా అవుతుంది? పెద్దాయన తెచ్చిన మూడు అయిదు రూపాయల నాణేలకూ కలిపి నేనివ్వగలిగింది ఒక పూట టిఫిన్ ఖర్చు. ఆయనకు కోపమొచ్చింది. న్యాయమే, ఫోన్లో వీడియో అయిదు లక్షలని చెప్పింది మరి.

నెహ్రూ రూపాయి దగ్గర ఇంకో చిక్కు. తెల్లగా మెరుస్తుంది కాబట్టి వెండి అనుకుంటారు. నేను సొరుగులోంచి అయస్కాంతం తీసి దగ్గర పెట్టాను. టక్కున అతుక్కుంది. వెండి అతుక్కోదు, నికెల్ అతుక్కుంటుంది. ఆ రూపాయి నికెల్‌ది. పెద్దాయన అయస్కాంతం తన చేతిలోకి తీసుకుని మూడుసార్లు అతికించి, లాగి చూసుకున్నారు. తర్వాత ఇందిరాగాంధీ నాణేల మీద పెట్టారు. కదల్లేదు. "అయితే ఇయ్యి వెండియా?" అన్నారు ఆశగా. కాదు, అవి రాగి, నికెల్ కలిపినవి, అవీ అతుక్కోవు. అయస్కాంతం అతుక్కుంటే వెండి కాదని నమ్మొచ్చు, అతుక్కోకపోతే మాత్రం ఇంకో పరీక్ష కావాలి.

నిజంగా వెండి ఉన్నది కావాలంటే 1969లో గాంధీ శతజయంతికి వచ్చిన పది రూపాయల నాణెం చూడండి. 15 గ్రాముల బరువు, అందులో 80 శాతం వెండి. అదే సందర్భంలో వచ్చిన ఇరవై పైసలది పసుపు రంగు. అందులో బంగారం కలిపారని మా నాయనమ్మ చివరిదాకా నమ్మింది. అది అల్యూమినియం, రాగి కలిసిన కంచు.

అపోహ: చింతపండుతో తోమితే విలువ పెరుగుతుంది.

ఇది రాయాలంటేనే నాకు చెయ్యి వణుకుతుంది. పెద్దాయన నెహ్రూ రూపాయి అంత మెరవడానికి కారణం అదే. కోడలు చింతపండు, పీతాంబరి వేసి కొబ్బరిపీచుతో తోమింది. భూతద్దం కింద నెహ్రూ బుగ్గ మీద ఒకే వైపుకు గీతలు, దువ్వెనతో దువ్వినట్టు. నాణేలు సేకరించేవాడు ముందు వెతికేది ఆ గీతల్నే. మసి పట్టిన నాణేన్ని మసితోనే తెండి.

వంద రూపాయల నాణెం సంగతి ఇంకా సున్నితం. ప్రూఫ్ రకం అంటే అచ్చునూ బిళ్లనూ రెండింటినీ అద్దంలా సానబెట్టి, ఒకటికి రెండుసార్లు కొడతారు. అందుకే నేపథ్యం అద్దంలా, బొమ్మ పాలమీగడలా కనిపిస్తాయి. వేలు తగిలితే చేతి జిడ్డు ఆ అద్దం మీద కొన్నాళ్లకు మచ్చగా దిగిపోతుంది. పెద్దాయన ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ డబ్బీలోంచి తీసి చేతిలో పెట్టారట. రామారావుగారి చెవి పక్కన బొటనవేలి ముద్ర, రేఖలు లెక్కపెట్టొచ్చు. పట్టుకోవాలంటే అంచు పట్టుకోవాలి, బొమ్మ మీద కాదు.

అపోహ: వెండి నాణెం, కొనిపెడితే పిల్లల పెళ్లికి పనికొస్తుంది.

లెక్క చూద్దాం. ఎన్టీఆర్ నాణేన్ని 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము విడుదల చేశారు. బరువు 35 గ్రాములు, వ్యాసం 44 మిల్లీమీటర్లు. వెండి 50 శాతం, రాగి 40, నికెల్ 5, జింకు 5. అంటే వెండి పదిహేడున్నర గ్రాములు. మా కొట్లో ఒక సన్న పట్టీలోనూ అంతే ఉంటుంది. టంకశాల అమ్మిన ధర రకాన్ని, పెట్టెను బట్టి 4,050 నుంచి 4,850 రూపాయలు. వెండి కోసమైతే అప్పుడే నష్టం. వాజ్‌పేయి నాణెం కూడా (2018) ఇదే కొలత, ఇదే లోహం.

మీద వంద అని ఉన్నా కూరగాయల బండి దగ్గర ఇవ్వడానికి కొట్టింది కాదు, చలామణికి వదలరు. నాకు తెలిసి ఇది అభిమానం కోసం కొనే వస్తువు. అభిమానానికి నాలుగు వేలు ఎక్కువా అంటే, పెద్దాయన ముఖం చూస్తే ఎక్కువనిపించలేదు. నాకే అమ్మబుద్ధి కాలేదు, కొనబుద్ధీ కాలేదు.

అపోహ: నాణెం వేయించేది రిజర్వు బ్యాంకు.

కాదు. నాణేలు కేంద్ర ప్రభుత్వానివి, 2011 నాటి నాణేల చట్టం ప్రకారం ఆర్థిక శాఖ వేయిస్తుంది. రిజర్వు బ్యాంకు పంచిపెడుతుందంతే. తపాలా బిళ్ల మళ్లీ వేరే శాఖ. మా ఊళ్లో పుట్టిన వి.వి. గిరిగారి మీద 1974లో వచ్చింది తపాలా బిళ్ల. దాన్ని గుర్తుపెట్టుకుని "గిరిగారి నాణెం ఉందా" అని అడిగేవాళ్లున్నారు. స్మారక నాణేనికి ప్రతిపాదన ఒప్పుకున్నాక బొమ్మ, లోహం, బరువు, మీద రాసే అక్షరాలు అన్నీ గెజిట్‌లో ప్రకటిస్తారు. ఎవరైనా అమ్మజూపితే ముందు ఆ గెజిట్ కొలతలతో పోల్చుకోండి, నా మాట కూడా నమ్మక్కర్లేదు. నాణెం మీద వేసే ముఖ విలువ ఆ పెద్దలు పుట్టి ఎన్నేళ్లయిందో దాన్ని బట్టి ఉంటుందనేది సగమే నిజం. అంబేడ్కర్ 125వ జయంతికి 125 రూపాయల నాణెం వచ్చింది, వాజ్‌పేయికి మాత్రం వంద ఏళ్లు నిండకపోయినా వందే.

అపోహ: సంవత్సరం కింద గుర్తు లేకపోతే దొంగ నాణెం.

ఆ గుర్తు ఏ టంకశాలలో కొట్టారో చెబుతుంది: నక్షత్రం హైదరాబాద్, వజ్రం ఆకారం ముంబై, చుక్క నోయిడా. కోల్‌కతా గుర్తు వేయదు. అంతే.

అపోహ: ఆన్‌లైన్‌లో పెడితే కొనేవాళ్లు లక్షలు పట్టుకుని సిద్ధంగా ఉన్నారు.

కవిటి వైపు నుంచి వచ్చే ఒక కుర్రాడు ఇందిరాగాంధీ నాణెం ఫొటో పెడితే అరగంటలో ఫోన్ వచ్చింది. నాలుగు లక్షలిస్తాం, ముందు రిజిస్ట్రేషన్ రుసుం పంపమన్నారు. పంపాడు. తర్వాత జీఎస్టీ అన్నారు, ఆ తర్వాత రిజర్వు బ్యాంకు సర్టిఫికెట్ అన్నారు. ఆరు వేలు పోయాక నా దగ్గరికొచ్చాడు. ఇలాంటి లావాదేవీలతో తమకు సంబంధం లేదనీ, రుసుములేవీ అడగమనీ రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటించింది. కొనేవాడు డబ్బులిస్తాడు, అడగడు.

ఈస్టిండియా కంపెనీ పేరుతో 1818 అని రాముడి పట్టాభిషేకం ఉన్న కాసులు, బియ్యం గింజల్ని అయస్కాంతంలా లాగుతాయని చెప్పే చెంబులు తెచ్చేవాళ్లకు నేను టీ ఇచ్చి పంపేస్తాను. కంపెనీ అలాంటి కాసులు కొట్టలేదు.

మరో చిన్న సంగతి. అంబేడ్కర్ బొమ్మ ఉన్న పది రూపాయల నాణెం చెల్లదని మా సరిహద్దులో అటూ ఇటూ ఆటోవాళ్లు తిప్పిపంపుతుంటారు. పది రూపాయల నాణేలు 14 రకాలున్నాయనీ, అన్నీ చెల్లుతాయనీ 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు చెప్పింది. అంబేడ్కర్ పది అందులో ఒకటి.

పెద్దాయన అన్నీ విన్నారు. చెక్కపెట్టె మూసి సంచిలో పెట్టుకున్నారు. నెహ్రూ రూపాయిని మాత్రం నా బల్ల మీదే వదిలి, అద్దాల పెట్టెలోకి వంగి చూశారు.

"ఆ తామరపువ్వు ఇరవై పైసలు నూట ఎనిమిది ఉన్నాయేటి బాబూ? శుక్రవారం వరలక్ష్మీ వ్రతం, మా కోడలు అడిగింది."

"ఉన్నాయి తాతగారూ. తోమనంటేనే ఇస్తాను."