గాలి గన్నుతో పరాచికం: పేగు ఎంత ఒత్తిడికి చిరుగుతుంది?

పనిచోట పరాచికాలు ఉంటాయి, ఉండాలి కూడా. కొత్త హెల్పర్‌ని లేని పనిముట్టు తెమ్మని పక్క షెడ్డుకు పంపుతారు, టిఫిన్ బాక్సు దాస్తారు, కాసేపు నవ్వుకుని మరిచిపోతారు. కంప్రెసర్ ఉన్నచోట మాత్రం ఇంకో రకం ఉంది. షిఫ్టు అయ్యాక ఒంటి మీది దుమ్ము గాలితో దులుపుకుంటూ, తోటివాడి పిరుదుల దగ్గర గన్ను (కంప్రెసర్ పైపు చివర ఉండే, నొక్కితే గాలి చిమ్మే పనిముట్టు) ఆనించి ఒక్కసారి నొక్కడం. ఇలా పేగు చిరిగిన కేసు 1904లోనే వైద్య పత్రికకెక్కింది. పంక్చర్ షాపుల నుంచి, మిల్లుల నుంచి ఇలాంటి కేసులు మన ఆస్పత్రులకు ఇప్పటికీ వస్తున్నాయి. నొక్కినవాడికి చాలాసార్లు పగ ఉండదు, లెక్క తెలియదు.

ఆ లెక్క ఇది. కారు టైరులో గాలి 30 నుంచి 35 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత). షెడ్డులోని కంప్రెసర్ 90 నుంచి 120 పీఎస్ఐ దాకా నింపుతుంది. పెద్దపేగు గోడ చిరగడానికి సగటున 4 పీఎస్ఐ చాలు. 8 బార్‌లకు (సుమారు 116 పీఎస్ఐ) నింపిన 200 లీటర్ల ట్యాంకులో ఉన్నది బయటికి వదిలితే సుమారు 1,600 లీటర్ల గాలి. ఒకటి రెండు సెకన్లు నొక్కినా చాలు.

"బట్టలు అడ్డం ఉన్నాయి కదా, లోపలికి పెట్టలేదు కదా" అంటారు. నేతలోంచి గాలి సులువుగా దూసుకుపోతుంది. దగ్గరగా ఆనించినప్పుడు మలద్వారం ఆ ధాటికి తెరుచుకుంటుంది. లోపలికి వెళ్లిన గాలి మలాశయం దాటి, పేగు వంపు తిరిగే చోట పూర్తి వేగంతో తగులుతుంది. అందుకే గాయం ఎక్కువగా అక్కడే. ముందు పైనున్న కండర పొర చీలుతుంది. లోపలి పొర, కోసుకుపోయిన టైరులోంచి ట్యూబు ఉబ్బినట్టు బయటికి పొంగి, ఆపైన పగులుతుంది. గాలితో పాటు మలమూ పొట్టలోకి చేరుతుంది. పొట్ట బిగుసుకుపోయి ఊపిరితిత్తుల కింది పొరను పైకి నెడితే ఊపిరి ఆడదు, గుండెకు తిరిగివచ్చే రక్తమూ తగ్గుతుంది.

శుభ్రం చేసే గాలి 30 పీఎస్ఐ కంటే తక్కువ ఉండాలని అమెరికా కార్మిక భద్రతా నియమం చెబుతుంది. ఆ హద్దు ఇనుప రజను ఎగిరి కళ్లలో పడకుండా, గాలి చర్మంలోకి చొరబడకుండా ఉపయోగపడుతుంది. పేగుకు అది కూడా ఏడు రెట్లకు పైగా ఎక్కువే. కాబట్టి ఒత్తిడి తగ్గించే రెగ్యులేటర్ తిప్పి ఊరుకుంటే ఈ ప్రమాదం పోదు. ఒంటిమీద గాలి కొట్టుకునే అలవాటునే మాన్పించాలి. బట్టలకు బ్రష్షో వాక్యూమో పెట్టాలి. గన్నుకు పక్క రంధ్రాలున్న నాజిల్ బిగించాలి, మొన మూసుకుపోయినా గాలి పక్కలకు పోతుంది. షిఫ్టు ముగియగానే లైను వాల్వు కట్టేసి, పైపులో మిగిలిన గాలి వదిలేయాలి. కొత్తగా చేరినవాడికి మొదటి రోజే గేజి చూపించి, 4కీ 120కీ తేడా చెప్పాలి. అన్నిటికంటే ఎక్కువ పనిచేసేది ఇదేనని మా అభిప్రాయం.

అయినా జరిగితే? నొప్పి కాస్త తగ్గిందని, సిగ్గని దాచుకోవడమే ప్రాణం మీదికి తెస్తుంది. పొట్ట ఉబ్బినా, నొప్పి ఉన్నా, రక్తం పడినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. నీళ్లు, తిండి, మందు ఏదీ నోటికి ఇవ్వకూడదు, పొట్ట రుద్దకూడదు, ఎనిమా అసలే వద్దు. ఆయాసపడుతుంటే వెనక ఆసరా పెట్టి సగం కూర్చోబెట్టాలి. ఆస్పత్రిలో నిలబెట్టి తీసే ఛాతీ ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల కింద గాలి కనిపిస్తే ఆపరేషన్ దాదాపు ఖాయం. కనిపించకపోయినా, పై పొర మాత్రమే చిరిగి ఉంటే లోపలి పొర తర్వాత తెగవచ్చు కాబట్టి పరిశీలనలో ఉంచుతారు. డాక్టరుకు "కడుపునొప్పి" అని ఆపేయకుండా గాలి పైపు సంగతి, ఎప్పుడు జరిగిందో, గేజి మీద అంకె ఎంతో చీటీ రాసి వెంట పంపండి.