అందరికీ ఒకే రంగు ఉంటేనే పెళ్ళికి కళా?

శ్రావణం ముహూర్తాలు కుదిరాయంటే చాలు, మా టైలర్ షాపుకి ఇలాంటి ఫోన్లు మొదలవుతాయి. "మాస్టారూ, మా అన్నదమ్ములందరికీ మెరూన్ కుర్తాలు. ఇప్పటికి ఏడు కుట్టండి, మిగతావాళ్ళ కొలతలు తర్వాత చెప్తాం." ఆ 'తర్వాత' దగ్గరే డబ్బు పోతుంది.

అపోహ: షేడ్ నంబర్ రాసిపెట్టుకుంటే అదే రంగు ఎప్పుడైనా దొరుకుతుంది.

వాస్తవం: దొరకదు. కంపెనీ అదే, నంబర్ అదే అయినా అద్దకం లాట్ (ఒకేసారి కలిపి రంగు అద్దిన గుడ్డ) మారితే రంగులో తేడా వస్తుంది. షాపు లైట్ల కింద రెండు ముక్కలూ ఒకేలా ఉంటాయి. ఎండలో పెడితే ఒకటి వంకాయ రంగులోకి, ఇంకోటి ఇటుక రంగులోకి తిరుగుతుంది. వాట్సాప్ ఫోటో చూసి మ్యాచింగ్ కొనడం ఇంకా ఘోరం.

మొన్న మాఘంలో ఒక పెళ్ళికూతురి అన్నయ్యకి, గుడ్డ కాస్త ఎక్కువ తీసుకోమని చెప్పాను. "దండగ కదండీ" అన్నాడు. పెళ్ళి నాలుగు రోజులుందనగా బెంగళూరు నుంచి పినతండ్రి కొడుకులిద్దరు బయల్దేరారు. ఆ గుడ్డ తాను (చుట్ట) అప్పటికే అయిపోయింది. కొత్త తానులో కుట్టిన రెండు కుర్తాలూ ఆరుబయట ఫోటోలో కొట్టొచ్చినట్టు వేరుగా కనిపించాయి. రాత్రికి రాత్రి అందరికీ రెడీమేడ్ తెల్ల కుర్తాలు కొన్నారు. గుడ్డ డబ్బూ, కుట్టుకూలీ రెండూ మునిగాయి. పాపం, ఆ అబ్బాయి నిద్రపోయి ఎన్నాళ్ళయిందో మొహం చూస్తే తెలిసింది.

44 అంగుళాల పన్నాలో (అంటే గుడ్డ వెడల్పు) మామూలు ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి కుర్తాకి సుమారు రెండున్నర మీటర్లు పడుతుంది. ఇంకో ఇద్దరికి సరిపడా కలిపి, ఒకే తానులోంచి ఒకేసారి కోయించండి. మిగిలితే పిల్లల చొక్కాలవుతాయి.

నన్నడిగితే ఆ తలనొప్పే వద్దంటాను. అందరికీ తెల్ల పంచె, క్రీమ్ చొక్కా, ఒకే రంగు కండువా చాలు. పొట్ట ఉన్న బాబాయికైనా, బక్క తమ్ముడికైనా కండువాకి కొలతలక్కర్లేదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

ముహూర్తానికి ఖరీదైన షేర్వాణీ కావాలంటారు. ఆ వేళకి చాలా ఇళ్ళల్లో పెళ్ళికొడుకు ఎర్రంచు మధుపర్కాల్లో ఉంటాడు. షేర్వాణీ రిసెప్షన్‌కే, అదీ రెండు మూడు గంటలు.

టైట్‌గా ఉంటేనే ఫిట్టింగ్ అంటారు. పీటల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవాలి, చేతులెత్తి తలంబ్రాలు పోయాలి. ట్రయల్‌కి వచ్చినప్పుడు అద్దం ముందు నిలబడి మురిసిపోకుండా నేల మీద కూర్చుని చేతులెత్తి చూడండి. చంక దగ్గర లాగితే అప్పుడే చెప్పండి.

నాలుగు మూరల పంచెతో గోచీ రాదు. ఎనిమిది మూరలది తీసుకోండి. కట్టుకోవడం రాకపోతే వెల్‌క్రో పంచె ఉంది, అందులో నామోషీ ఏమీ లేదు. మెరిసిందల్లా పట్టు కాదు, సిల్క్ మార్క్ లేబుల్ చూసి కొనండి.

ఇక అమెరికా నుంచి కొలతలు పంపే బాబులకి. 'చెస్ట్ 40' అని మాత్రమే పంపితే అది ఒంటి కొలతో, చొక్కా కొలతో నాకెలా తెలుస్తుంది? ఒళ్ళు 40 ఉంటే కుర్తా 44 దాకా కుడతాం. మీరు పంపింది చొక్కా కొలతైతే, దానికి ఇంకో నాలుగు అంగుళాలు కలిపితే షామియానా తయారవుతుంది. టెన్షన్ లేకుండా ఉండాలంటే, మీకు సరిగ్గా సరిపోయే పాత చొక్కా ఒకటి ముందుగా ఊరికి వచ్చేవాళ్ళతో పంపండి. ఉతికి పంపండి.