పసుపు చొక్కా ఒక్కటే చూడకండి

బుజ్జీ, చిన్నోడా,

పోయిన జూలైలో మీరు రెండ్రోజులు మా ఇంట్లో ఉన్నారు కదా. రాత్రి భోజనాలయ్యాక నేను టీవీలో టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పందెం చూస్తుంటే వచ్చి చెరోపక్క కూర్చున్నారు. పది నిమిషాలు చూశాక చిన్నోడు అడిగాడు: "తాతయ్యా, ఆ పసుపు చొక్కా అతను ఎక్కడో వెనక వచ్చాడు కదా, మరి అతన్నెందుకు వేదిక ఎక్కించారు?" నేను జవాబు మొదలుపెట్టేలోపే మీ అమ్మ పడుకోవడానికి పిలిచింది. ఆ జవాబు మీకు బాకీ పడ్డాను. మళ్లీ జూలై దగ్గరకొచ్చింది కాబట్టి ఈ ఉత్తరంలో తీర్చేస్తున్నాను.

మీ బడిలో పరుగుపందెం ఒక్కసారి ఈల ఊదితే మొదలై నిమిషంలో అయిపోతుంది. ఇది అలాంటిది కాదు. ఇరవై ఒక్క రోజులు తొక్కుతారు, మధ్యలో రెండ్రోజులు సెలవు. ఒక్కో రోజు పందాన్ని స్టేజ్ అంటారు. అన్నీ కలిపితే సుమారు 3,400 కిలోమీటర్లు. ఇరవైకి పైగా జట్లు, జట్టుకు ఎనిమిదిమంది. ప్రతివాడూ ఏ రోజు ఎంతసేపు తొక్కాడో లెక్క కట్టి, నిన్నటిదానికి కలుపుతూ పోతారు. మొత్తం మీద అందరికంటే తక్కువ సమయం ఎవరిదో వాళ్లకి పసుపు చొక్కా. ఇంకో సంగతి, గుంపుగా గీత దాటితే గుంపులో మొదటివాడి సమయమే అందరికీ వేస్తారు. చిన్నోడు చూసిన రోజు జరిగింది అదే. అతను గుంపు మధ్యలో నెమ్మదిగా, ఎవరికీ తగలకుండా వచ్చాడు. ఒక్క సెకను కూడా పోలేదు. ఆ రోజు అతనికి కావలసింది అంతే.

ఈ ఆటలో నాకు బాగా నచ్చేది ఇదే పిల్లలూ. అందరూ ఒకే రోడ్డు మీద వెళ్తున్నా అందరిదీ ఒకే పందెం కాదు. అందుకే టీవీ పెట్టగానే "ఎవరు ముందున్నారు?" అని అడక్కండి. "ఇవాళ ఎవరికి ఏం కావాలి?" అని అడగండి. కండలు తిరిగిన తొడలవాళ్లు కొండ ఎక్కలేరు, కానీ చదును రోడ్డు మీద చివరి రెండు వందల మీటర్లు గంటకు డెబ్బై కిలోమీటర్ల దాకా లాగుతారు. వాళ్లకి కావలసింది చదును రోజు గెలుపు, దానితో వచ్చే పాయింట్లు, ఆ పాయింట్ల మీద దొరికే ఆకుపచ్చ చొక్కా. బక్కపలచని వాళ్లు కొండల కోసం ఎదురుచూస్తారు, వాళ్లకి ఎర్ర చుక్కల తెల్ల చొక్కా ఉంది. పాతికేళ్లలోపు కుర్రాళ్లలో ముందున్నవాడికి తెల్ల చొక్కా. ఇవేవీ అందవని ముందే తెలిసిన జట్లు కూడా వస్తాయి. వాళ్లు మూడు వారాల్లో ఒక్క రోజు గెలిస్తే చాలనుకుంటారు. పందెం మొదలైన కాసేపటికే నలుగురైదుగురు గుంపు నుంచి తెంపుకుని ముందుకు పోవడం చూస్తారే, వాళ్లు వీళ్లే. వాళ్లలో పసుపు చొక్కాకి ప్రమాదమైనవాడు ఎవడూ లేకపోతే గుంపు పోనిస్తుంది. సాయంత్రానికి లెక్క చూసుకుని వెంటపడుతుంది. నూట యాభై కిలోమీటర్లు ముందు తొక్కినవాణ్ని గీత కనిపిస్తుండగా అందుకుంటారు. ఇన్నేళ్లు చూసినా అది నేను తట్టుకోలేను.

గుంపు ఎందుకంత సులువుగా అందుకుంటుందో అర్థం కావాలంటే గాలి సంగతి తెలియాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో లెక్కల మాస్టారూ నేనూ కాలవ గట్టు మీద పదకొండు కిలోమీటర్లు సైకిళ్ల మీద బడికి వెళ్లేవాళ్లం. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు ఎదురుగాలి. పక్కపక్కనే కబుర్లాడుతూ తొక్కితే ఇద్దరం అలిసిపోయేవాళ్లం. ఒకరోజు గాలి మరీ ఎక్కువై మాటలు వినబడక నేను ఆయన వెనక్కి చేరాను. నా ముందు చక్రం ఆయన వెనక చక్రానికి జానెడు దూరంలో ఉంది. చెవుల్లో హోరు ఆగిపోయింది. పెడల్ ఒక్కసారిగా తేలికైంది. ఆయన చొక్కా వీపు మీద జెండాలా కొట్టుకుంటోంది, నా చొక్కా కదలడం లేదు. అప్పటినుంచి ఒక లాకు దాకా ఆయన ముందు, తర్వాత లాకు దాకా నేను ముందు. సరిగ్గా టూర్లో చేసేదీ ఇదే. ముందువాడు గాలిని చీలుస్తాడు, వెనకవాడికి శ్రమ సుమారు మూడోవంతు తగ్గుతుంది. నూట డెబ్బైమంది వంతులు మార్చుకుంటూ వస్తుంటే నలుగురు ఎంతసేపని నిలబడతారు? గాలి పక్కనుంచి కొట్టిన రోజు ఇంకా భయంకరం. గాలి చాటు ఏటవాలుగా పడుతుంది కాబట్టి రోడ్డు వెడల్పుకి పది పన్నెండుమందికే చోటు దొరుకుతుంది. మిగిలినవాళ్లు గాలికి చిక్కి, గుంపు ముక్కలు ముక్కలైపోతుంది. కొండ లేదు కదా అని ఆ రోజు టీవీ కట్టేయకండి.

గాలి చాటు ఇచ్చేవాళ్ల పనే ఉద్యోగంగా చేసేవాళ్లు ప్రతి జట్టులో ఉంటారు. ఫ్రెంచివాళ్లు వాళ్లని డొమెస్టిక్ అంటారు, అంటే పనివాడని. పేరు చిన్నదేగానీ పని చిన్నది కాదు. మీరు చూడాల్సింది ఇలా ఉంటుంది. ఒకతను గుంపులోంచి వెనక్కి జారి జట్టు కారు పక్కకి వస్తాడు. కారులోంచి నీళ్ల సీసాలు ఒక్కొక్కటే అందిస్తారు. రెండు సైకిలుకి తగిలించుకుంటాడు, మూడు వీపు జేబుల్లో. మిగిలినవి మెడ దగ్గర చొక్కా పట్టి లాగి వీపు మీదకి తోసేస్తాడు. గూని వచ్చినట్టు అయిపోతాడు. ఆఖరి సీసా అందుకునేటప్పుడు చెయ్యి వెంటనే వదలడు. సీసా అతుక్కుపోయినట్టు ఒకటి రెండు క్షణాలు పట్టుకుంటే కారు వేగం కొంచెం కలిసొస్తుంది. మరీ ఎక్కువసేపు పట్టుకుంటే జరిమానా. తర్వాత ఆ బరువుతో గుంపుని మళ్లీ అందుకుని, ఏడుగురికీ పంచి, ఖాళీ అయ్యాక మళ్లీ వెనక్కి. నాయకుడి చక్రం పాడైతే తన చక్రం విప్పి ఇస్తాడు. ఇంత తొక్కినవాడు తినేదేమిటో తెలుసా? మనమెరిగిన అన్నమే. మెత్తగా వండి, తీపి కలిపి, గట్టిపడ్డాక ముక్కలు కోసి రేకు కాగితంలో చుట్టి జేబులో పెట్టిస్తారు.

వెనకబడినవాడి కథ చెప్తాను. 2024లో మార్క్ కావెండిష్ అనే బ్రిటన్ ఆటగాడికి 39 ఏళ్లు. అప్పటికి 34 స్టేజీలు గెలిచాడు. ఎడ్డీ మెర్క్స్ అనే మహానుభావుడి లెక్క కూడా 34. ఇంకొక్కటి గెలిస్తే చరిత్రలో ఎవరికీ లేనన్ని. ముందు ఏడాది పడి మెడ కింద ఎముక విరిగి ఇంటికెళ్లిపోయాడు. ఇదే ఆఖరిసారి అనుకుంటూ వచ్చాడు. మొదటి రోజే ఇటలీలో ఫ్లోరెన్స్ నుంచి ఎండ మండిపోతుండగా కొండల దారి. కావెండిష్ సైకిలు మీదే వాంతి చేసుకున్నాడు. గుంపు వెళ్లిపోయింది. ఇక్కడ ఒక నియమం ఉంది. గెలిచినవాడి సమయానికి ఇంత శాతం లోపు రాకపోతే మర్నాడు పందెంలో ఉండనివ్వరు. జట్టువాళ్లు అతని చుట్టూ చేరి, ముందు తొక్కి, నీళ్లు పోసి, గెలిచినవాడి కన్నా సుమారు నలభై నిమిషాల వెనగ్గా, గడువులోపల గీత దాటించారు. ఆ రోజు వాళ్లందరూ జాబితా అడుగున ఉన్నారు. నాలుగు రోజుల తర్వాత సాంవుల్బా అనే ఊళ్లో 35వది గెలిచాడు. ఆ ఫొటోలో చేతులెత్తినవాడు ఒక్కడే కనిపిస్తాడు. మొదటి రోజు చూసినవాళ్లకి మాత్రం మిగతావాళ్లందరూ కనిపిస్తారు. అదే టూర్లో ఎరిత్రియా దేశపు బినియం గిర్మాయ్ స్టేజ్ గెలిచిన మొదటి నల్లజాతి ఆఫ్రికా వీరుడయ్యాడు. మొత్తం మూడు గెలిచి ఆకుపచ్చ చొక్కా ఇంటికి పట్టుకెళ్లాడు.

ఒకప్పుడు ఈ సాయాలేవీ లేవు. 1903లో లోటో అనే పత్రిక తన అమ్మకాలు పెంచుకోడానికి ఈ పందెం మొదలుపెట్టింది. ఆ పత్రిక పసుపు కాగితం మీద అచ్చయ్యేది, చొక్కా రంగు అక్కణ్నుంచే వచ్చిందంటారు. తొలి రోజుల్లో ఎవరి సైకిలు వాళ్లే బాగుచేసుకోవాలి, ఎవరి సాయమూ పొందకూడదు. 1913లో యూజీన్ క్రిస్టోఫ్ గెలుస్తాడని చాలామంది అనుకున్నారు. పిరెనీస్ కొండల్లో టూర్మలే అని 2,115 మీటర్ల ఎత్తు కనుమ ఉంది. అది దిగుతుంటే అతని సైకిలు ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు విరిగిపోయింది. సైకిలు భుజానేసుకుని సుమారు పది కిలోమీటర్లు కొండ దిగాడు. వెనకొచ్చినవాళ్లందరూ దాటిపోతున్నారు. సాంత్ మరీ ద కాంపాన్ అనే ఊళ్లో కమ్మరి కొలిమి దొరికింది. కమ్మరి నోటితో చెప్పొచ్చు, చెయ్యి మాత్రం వెయ్యకూడదు. పందెం అధికారులు నిలబడి చూస్తున్నారు. క్రిస్టోఫ్ ఇనుము కాల్చి, సుత్తితో కొట్టి, ఫోర్కు తానే అతికించుకున్నాడు. ఒక చేత్తో ఇనుము, ఇంకో చేత్తో సుత్తి పట్టుకున్నవాడికి తిత్తి ఊదడానికి మూడో చెయ్యి ఏది? ఒక చిన్న పిల్లవాడు తిత్తి ఊదాడు. అది సాయమే అని అధికారులు క్రిస్టోఫ్‌కి అదనపు సమయం జరిమానా వేశారు. గంటలకు గంటలు పోయాయి. అయినా మళ్లీ సైకిలెక్కాడు, ఆ పందెం ఏడోవాడుగా ముగించాడు.

1919లో పసుపు చొక్కా అనేది మొదటిసారి పెట్టినప్పుడు దాన్ని తొడుక్కున్నది ఈ క్రిస్టోఫే. ఆ ఏడాది కూడా చివరికొచ్చేసరికి ఫోర్కు మళ్లీ విరిగింది. టూర్ ఎన్నడూ గెలవలేదు. ఇప్పుడు ఆ ఊళ్లో అతని విగ్రహం ఉంది, చేత్తో విరిగిన ఫోర్కు పట్టుకుని. తిత్తి ఊదిన ఆ పిల్లాడి గురించి నేను తరచూ ఆలోచిస్తాను. మీ అంత ఉండి ఉంటాడు.

చిన్న చిన్న తేడాలు ఎంత దూరం పోతాయో బుజ్జికి లెక్కలిష్టం కాబట్టి చెప్తాను. 1989లో ఆఖరి రోజు వెర్సాయ్ నుంచి పారిస్‌కి 24.5 కిలోమీటర్లు ఒక్కొక్కరే తొక్కాలి. ఫ్రాన్స్‌వాడు లారాన్ ఫిన్యోన్ 50 సెకన్లు ముందున్నాడు. రెండేళ్ల కింద వేటలో పొరపాటున తుపాకీ గుళ్లు తగిలి చావు తప్పి బతికిన అమెరికావాడు గ్రెగ్ లెమాండ్ అతని వెనక ఉన్నాడు. లెమాండ్ ఆ యాభై తీర్చేసి ఇంకా మిగిల్చుకున్నాడు. మూడు వారాలు తొక్కాక తేడా 8 సెకన్లు. 2024 ఆడవాళ్ల టూర్లో ఇంకా తక్కువ. ఆఖరి రోజు ఆల్ప్ దుయేజ్ కొండ మీద డెమీ వాల్లరింగ్ స్టేజ్ గెలిచింది, కానీ పసుపు చొక్కా కాషియా నీవియాదోమాకి 4 సెకన్ల తేడాతో దక్కింది. అంతకు ముందు ఒక రోజు వాల్లరింగ్ పడి పోగొట్టుకున్న సమయం అక్కడ తేలింది. ఆడవాళ్ల టూర్ సాధారణంగా మగవాళ్లది అయ్యే రోజుల్లోనే వస్తుంది, అదీ చూద్దాం.

ఒక చేదు మాట కూడా చెప్పాలి, వేరే ఎవరి దగ్గరో వినేకన్నా నా దగ్గర వినండి. ఈ ఆటలో మోసం జరిగింది. లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1999 నుంచి 2005 దాకా వరసగా ఏడుసార్లు గెలిచాడు. నిషేధించిన మందులు వాడాడని తేలి 2012లో ఆ ఏడూ కొట్టేశారు. ఆ ఏడేళ్లకి వేరే ఎవర్నీ విజేతగా పెట్టలేదు, ఖాళీగానే ఉంచారు. ఆయన్ని చూసి నేను ఎన్ని రాత్రులు సంబరపడ్డానో నాకు తెలుసు. చాలా బాధపడ్డాను. మళ్లీ చూడటానికి కొంతకాలం పట్టింది. మంచి కూడా చూశాను. 2022లో కొండ దిగుతూ రెండో స్థానంలో ఉన్న పొగాచార్ పడిపోతే, పసుపు చొక్కాలో ఉన్న వింగెగార్డ్ వేగం తగ్గించి అతను వచ్చేదాకా ఆగాడు. పక్కకి రాగానే పొగాచార్ చెయ్యి చాపాడు. ఇద్దరూ చేతులు కలిపి మళ్లీ పోటీ పడ్డారు. అది నేను ఎన్నిసార్లు చూసుకున్నానో.

ఇక పని సంగతి. వేసవిలో ఫ్రాన్స్ మనకంటే మూడున్నర గంటలు వెనక ఉంటుంది. చాలా స్టేజీలు మనకి రాత్రి ఎనిమిదిన్నర, తొమ్మిదిన్నర మధ్య అయిపోతాయి కాబట్టి చదువుకి అడ్డం కాదు, మీ అమ్మతో నేను మాట్లాడాను. ఈ ఉత్తరంతో రెండు నోటుపుస్తకాలు పంపుతున్నాను. స్టేజికి ఒక పేజీ. పైన ఆ రోజు దారి ఎత్తుపల్లాలు గీత గీయండి, ఆ బొమ్మ ముందే దొరుకుతుంది. దాని కింద "ఇవాళ ఎవరికి ఏం కావాలి" అని పందెం చూడకముందే రాయండి. చూశాక ఎవరికి దక్కిందో రాయండి. అడుగున ఒక గడి ఖాళీగా వదిలాను. అది మీ మనిషికి. ఇద్దరూ చెరొక నీళ్లు మోసేవాణ్ని ఎంచుకోండి, పేరున్నవాళ్లు వద్దు. రోజూ అతను ఎన్నోవాడుగా వచ్చాడో, గెలిచినవాడికి ఎంత వెనకో ఆ గడిలో వేయండి. కొండ రోజున నూట యాభయ్యోవాడుగా వస్తే గడువులోపల వచ్చాడా లేదా అని చూడండి. జాబితా కింద నుంచి చదవడం నేర్చుకోండి.

మొదటి స్టేజ్ రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేస్తాను. అప్పటికి మీ ఇద్దరి మనుషుల వీపు నంబర్లు నాకు చెప్పాలి.

మీ
తాతయ్య