బాకీ వాయిదాల్లో ఉన్నప్పుడు ఇంటి ఖర్చు: అపోహలు - వాస్తవాలు

ఒంగోలులోనో, నెల్లూరులోనో, కందుకూరులోనో లోక్ అదాలత్‌లో బ్యాంకు బాకీకి రాజీ కుదిరిన రోజు ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. ఆ రాజీ చెడేది మూడో నెలలోనో, నాలుగో నెలలోనో. దుబారా వల్ల చెడిందని ఊళ్లో అనుకుంటారు. చాలాసార్లు కారణం అది కాదు. ఇల్లు గడవడానికి ఎంత కావాలో చూసుకోకుండా, భయం కొద్దీ బ్యాంకు చెప్పిన అంకెకు తలూపేయడమే.

అపోహ: రాజీ కుదిరాక చేతికొచ్చే ప్రతి రూపాయీ బాకీకే పోవాలి.

వాస్తవం: తిండి, అద్దె, మందులు, పిల్లల చదువు పోను మిగిలేదే వాయిదా. ఈ వరస తిరగేస్తే రాజీ నిలవదు. చీమకుర్తి క్వారీలో లారీ తోలుతూ ఒంగోలులో అద్దెకుండే కుటుంబాన్ని తీసుకోండి. నెలకు 24,000 వస్తుందనుకుందాం. అద్దె 4,500, బియ్యం, వెచ్చాలు 6,500, పాలు 1,500, కరెంటు, గ్యాసు 1,700, బడి ఆటో, ట్యూషన్ 2,500, బీపీ, షుగరు మందులు 1,000, పెట్రోలు 1,500, ఫోన్లు 600. మొత్తం 19,800. మిగిలింది 4,200. ఇంకేం, నాలుగు వేలు కట్టేయవచ్చు అనిపిస్తుంది.

దెబ్బ తగిలేది ఇక్కడే. జూన్‌లో పుస్తకాలు, ఫీజు 9,000, సంక్రాంతి బట్టలు 5,000, బండి ఇన్సూరెన్స్ 1,600. నెలనెలా కనిపించవు గానీ ఇవీ ఇంటి ఖర్చులే. ఏడాదికి 15,600, అంటే నెలకు 1,300. జ్వరాలకూ, బండి రిపేరుకూ నెలకు 400 పక్కన పెట్టాలి. చివరికి ఆ ఇల్లు కట్టగలిగేది 2,500. నాలుగు వేలకు సంతకం పెడితే జూన్ రాగానే వాయిదా తప్పుతుంది. ఈ లెక్కను ఒక కాగితం మీద రాసి, అద్దె రసీదు, ఫీజు రసీదు, మందుల చీటీ జతచేసి రాజీ మాట్లాడే రోజునే మేనేజర్ ముందు పెట్టండి. సంతకం అయ్యాక చూపిస్తే పెద్దగా విలువుండదు.

బంధువుల పెళ్లిళ్లు మానుకోనక్కర్లేదు. వెయ్యి నూటపదహార్లు చదివించే చోట నూటపదహార్లు చదివించి, భోంచేసి రండి. అందులో తలవంపులేమీ లేవు.

అపోహ: వాయిదా అంటే నెలనెలా కట్టాల్సిందే.

వాస్తవం: రాబడి ఎప్పుడొస్తే వాయిదా అప్పుడుండాలని అడగవచ్చు. పెన్నా డెల్టాలో వరి వేసేవాళ్లకు వడ్ల డబ్బు మార్చి, ఏప్రిల్‌లో చేతికొస్తుంది. పొగాకు రైతుకు వేలం కేంద్రంలో బేళ్లు అమ్ముడుపోయాక వస్తుంది. రొయ్యల చెరువుకైతే మూడు నాలుగు నెలల తర్వాత, అది కూడా తెల్లమచ్చ తెగులు రాకపోతే. పొగాకు డబ్బులో పంట రుణం ముందే మినహాయించుకుంటారు. కౌలు, బ్యారన్ (ఆకు కాల్చే కొట్టం) కూలీలు కూడా పోను మిగిలే దాన్ని బట్టే పాత బాకీ వాయిదా ఒప్పుకోవాలి.

రైతులు ఇంకొకటి ముందే తేల్చుకోవాలి. రిజర్వు బ్యాంకు 2023 జూన్‌లో ఇచ్చిన నిబంధనల ప్రకారం, వ్యవసాయేతర రుణానికి తగ్గింపుతో రాజీ చేసుకుంటే అదే బ్యాంకులో కనీసం 12 నెలలు కొత్త రుణం పుట్టదు. పంట రుణాలకు ఆ గడువును ఏ బ్యాంకుకు ఆ బ్యాంకు నిర్ణయించుకుంటుంది. ‘వచ్చే సీజనుకు పంట రుణం ఇస్తారా, ఇవ్వరా’ అన్నది సంతకానికి ముందే అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

అపోహ: వాయిదా తప్పడం కంటే ఎక్కడో వడ్డీకి తెచ్చి కట్టడం మేలు.

వాస్తవం: ఇళ్లను ముంచేది ఇదే. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. డెయిలీ ఫైనాన్స్ అంతకంటే దారుణం. పదివేలని రాసుకుని తొమ్మిది వేలు చేతిలో పెట్టి, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తారు. 2,500 వాయిదా కాపాడుకోబోయి నెలకు 3,000 కొత్త వాయిదా నెత్తికెత్తుకున్నట్టు. తర్వాతి నెల రెండూ తప్పుతాయి.

బదులుగా ఇలా చేయండి. గడువుకు వారం ముందే బ్రాంచికి అర్జీ రాయండి. డబ్బు ఎందుకు సర్దుబాటు కాలేదు, ఇప్పుడు ఎంత కడుతున్నారు, మిగతాది ఏ తేదీన కడతారు, ఈ మూడూ అందులో ఉండాలి. ఆసుపత్రి బిల్లో, పంట నష్టం కాగితమో జతచేయండి. రెండో కాపీ మీద బ్యాంకు ముద్ర, తేదీ వేయించుకోండి. గడువు పొడిగిస్తున్నట్టు బ్యాంకు నుంచి కాగితం వచ్చేదాకా పొడిగించినట్టు కాదు. ‘చూద్దాంలే’ అన్న నోటిమాట ఆ మేనేజర్ బదిలీ అయితే ఎవరికీ గుర్తుండదు. ఓటీఎస్ (తగ్గింపుతో బాకీ తీర్చే రాజీ) లేఖల్లో మామూలుగా ఒక షరతుంటుంది: వాయిదా తప్పితే తగ్గింపు రద్దు, మొత్తం బాకీ మళ్లీ మొదటికి. లోక్ అదాలత్ అవార్డు, అంటే అక్కడ రాసిచ్చే రాజీ తీర్పు, ఇంకా గట్టిది. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం దానికి సివిల్ కోర్టు డిక్రీతో (తీర్పు ఉత్తర్వుతో) సమానమైన బలం ఉంది. అప్పీలు లేదు. కట్టకపోతే బ్యాంకు నేరుగా అమలు పిటిషన్ వేస్తుంది.

అపోహ: డిక్రీ అమలుకొస్తే జీతమంతా ఆపేస్తారు, వంటగిన్నెలూ తాళిబొట్టూ పట్టుకుపోతారు.

వాస్తవం: సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ కొన్నిటిని ముట్టనివ్వదు. కట్టుబట్టలు, వంటపాత్రలు, పరుపులు, పనిముట్లు, రైతు దుక్కిటెద్దులు, పీఎఫ్ సొమ్ము, మత సంప్రదాయం ప్రకారం స్త్రీ విడవకూడని ఆభరణాలు అందులో ఉన్నాయి. కూలీల వేతనాన్ని అసలే జప్తు చేయకూడదు. జీతంలో మొదటి 1,000 రూపాయలూ, మిగతా దాంట్లో మూడింట రెండు వంతులూ ఉద్యోగికే. అంటే జీతం 25,000 అయితే జప్తుకు పోగలిగేది 8,000. 17,000 ఇంటికి వస్తుంది. ఒకే డిక్రీ కింద ఈ కోత 24 నెలలు మించకూడదు. డబ్బు బాకీ డిక్రీ అమలుకు ఆడవాళ్లను అరెస్టు చేయకూడదని 56వ సెక్షన్ చెబుతోంది.

అపోహ: ఐపీ (దివాలా పిటిషన్) పెడితే అప్పులన్నీ పోయినట్టే, ఇక ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు.

వాస్తవం: మన జిల్లాల్లో మామూలు మనిషి ఐపీ ఇప్పటికీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం కిందే నడుస్తోంది. 2016 దివాలా కోడ్‌లో వ్యక్తులకు సంబంధించిన భాగం 2019 డిసెంబరు 1 నుంచి కంపెనీలకు హామీ ఉన్నవాళ్ల వరకే అమల్లోకి వచ్చింది. ఐపీ దాఖలు చేసినంత మాత్రాన ఏ బాకీ పోదు. కోర్టు దివాలాదారుగా ప్రకటించాక, జప్తు కాని వస్తువులు తప్ప ఆస్తంతా కోర్టు చేతికో, కోర్టు నియమించిన రిసీవర్ చేతికో వెళ్తుంది. అప్పుల నుంచి విడుదల చేస్తూ కోర్టు ఉత్తర్వు వచ్చేలోపు కొత్తగా సంపాదించిన ఆస్తి కూడా అంతే. ఇల్లు తనఖా పెట్టుకున్న బ్యాంకు, నగలు కుదువ పెట్టుకున్న సంస్థ తమ హక్కు తాము వాడుకోవచ్చు. దివాలా పిటిషన్ దాఖలుకు ముందు రెండేళ్లలో బామ్మర్ది పేర ఊరికే రాసిచ్చిన పొలాన్ని కోర్టు వెనక్కి లాగగలదు.

రోజువారీ బతుకులో అడుగడుగునా తగిలేది ఆ 1920 చట్టంలోని 72వ సెక్షన్. విడుదల కాని దివాలాదారు, ఆ సంగతి చెప్పకుండా ఎవరి దగ్గరైనా యాభై రూపాయలు, ఆపైన అరువు తీసుకుంటే ఆరు నెలల దాకా జైలో, జరిమానానో, రెండూనో పడవచ్చు. చట్టం రాసిననాటి యాభై అది, ఇవాళ్టికీ మార్చలేదు. కిరాణా కొట్టు ఖాతా కూడా అరువే. విడుదల కోసం కోర్టు ఇచ్చిన గడువులో మళ్లీ దరఖాస్తు చేసుకోవాలి. చేయకపోతే ప్రకటనే రద్దవుతుంది, అప్పులవాళ్లు మళ్లీ గుమ్మంలో ఉంటారు. విడుదలయ్యాక కూడా ప్రభుత్వ బాకీలు, మోసంతో చేసిన అప్పులు పోవు.

అపోహ: ఇంటికొచ్చిన ఏజెంటు చేతిలో పెట్టినా కట్టినట్టే.

వాస్తవం: లోను ఖాతాలో జమైతేనే కట్టినట్టు. ఏజెంటు సొంత ఫోన్ నంబరుకు డబ్బు పంపొద్దు. ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత వసూలు ఫోన్లు చేయకూడదని రిజర్వు బ్యాంకు ఆదేశం. తేదీ వేయని ఖాళీ చెక్కులు ఎవరికీ ఇవ్వొద్దు. బాకీ ఉన్న బ్యాంకులోనే జీతం ఖాతా కూడా ఉంటే, అందులో డబ్బు బాకీ కింద సర్దుకునే హక్కు ఆ బ్యాంకుకు ఉంటుంది. ఇంటి ఖర్చు డబ్బు వేరే బ్యాంకులో ఉంచుకుని, వాయిదా మొత్తాన్ని రెండు రోజుల ముందు లోను ఖాతాకు పంపండి.

అపోహ: చివరి వాయిదా కట్టగానే పని అయిపోయింది.

వాస్తవం: బాకీ లేదన్న ధ్రువపత్రం అదే వారంలో అడిగి తీసుకోండి. తాకట్టు దస్తావేజులు 30 రోజుల్లో తిరిగి ఇవ్వాలి. బ్యాంకు తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం మీకు రావాలి. ఇది 2023 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉంది, రాజీతో తీర్చిన బాకీలకూ వర్తిస్తుంది. రెండు నెలలాగి క్రెడిట్ రిపోర్టు తీయించండి, ఏడాదికొకసారి ఉచితం. తగ్గింపుతో కట్టారు కాబట్టి అందులో ‘సెటిల్డ్’ అనే ఉంటుంది, అది తప్పు కాదు. బాకీ ఇంకా ఉన్నట్టు చూపిస్తే మాత్రం ధ్రువపత్రం జతచేసి అప్పుడే ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో సరిచేయకపోతే ఆపైన రోజుకు వంద రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి.