రక్తం తక్కువంటే ఐరన్ గోలీలేనా? ల్యాబ్‌లో రోజూ వినే అపోహలు

అపోహ: రక్తం తక్కువంటే ఐరన్ తక్కువే.
కాదండీ. ఎర్రకణం మామూలుగా 120 రోజులు బతుకుతుంది, హీమోలిటిక్ అనీమియాలో అంతకంటే ముందే పగిలిపోతుంది, ఎముక మజ్జ ఏమో హడావుడిగా కొత్తవి తయారుచేసి వదుల్తుంటుంది. ఆ హడావుడి రెటిక్ కౌంట్‌లో, అంటే కుర్ర ఎర్రకణాల లెక్కలో కనబడుతుంది. హిమోగ్లోబిన్ 7, రెటిక్ 9 శాతం, ఎక్కడా బ్లీడింగ్ లేదు అంటే ఇంక ఐరన్ గోలీల మీద ఆశ పెట్టుకోకండి.

అపోహ: కళ్లు పచ్చబడితే లివర్ పోయినట్టే, పసరు తాగాలి.
కళ్లను పచ్చబరిచే బిలిరుబిన్ టోటల్ 4, అందులో లివర్ ప్రాసెస్ చేసిన డైరెక్ట్ 0.6 మాత్రమే, లివర్ టెస్ట్ ఎస్‌జీపీటీ నార్మల్, పైగా హిమోగ్లోబిన్ తక్కువ. ఎర్రకణాలు పగిలితే పెరిగేది ఆ మిగతా ఇన్‌డైరెక్ట్ రకమే. ఇలా ఉంటే నా అనుమానం ముందు రక్తం మీదకే పోతుంది. పసరు సంగతి నన్నడక్కండి.

అపోహ: ఎల్‌డీహెచ్ (కణాల్లో ఉండే ఎంజైమ్) పెరిగితే హీమోలిసిస్ (ఒంట్లో ఎర్రకణాలు పగలడం) ఖాయం.
రక్తం సన్న సూదితో బలంగా లాగి, ఆ సూదితోనే ట్యూబ్‌లోకి నొక్కితే కణాలు అక్కడే పగుల్తాయి. సీరం బీట్‌రూట్ నీళ్లలా వస్తుంది, ఎల్‌డీహెచ్‌తో పాటు పొటాషియం కూడా పెరుగుతుంది. తప్పు మనది, పేషెంట్‌ది కాదు, మళ్లీ తీయాలి.

అపోహ: మెషీన్ అంతా చెప్పేస్తుంది, స్లైడ్ ఎందుకు?
ఒక చలికాలం పొద్దున మా మెషీన్ ఎంసీహెచ్‌సీ (ఎర్రకణాల్లో హిమోగ్లోబిన్ గాఢత) నమ్మలేనంత ఎక్కువగా 42 అని ప్రింట్ ఇచ్చింది, ఎర్రకణాల కౌంట్ చూస్తే హిమోగ్లోబిన్‌కి పొంతనే లేదు. స్లైడ్ వేస్తే కణాలన్నీ ద్రాక్షగుత్తుల్లా అతుక్కుని ఉన్నాయి. ట్యూబ్‌ని అరగంట 37 డిగ్రీల్లో ఉంచి రన్ చేస్తే లెక్కలు దారికొచ్చాయి, కోల్డ్ అగ్లుటినిన్ అన్నమాట, చల్లదనంలో ఎర్రకణాల్ని అతికించే యాంటీబాడీ. హీమోలిసిస్ ఏ రకమో తేలడం మొదలయ్యేదే స్లైడ్ మీద. మధ్యలో తెల్లమచ్చ లేని చిన్న గుండ్రటి కణాలు, అంటే స్ఫీరోసైట్లు కనబడితే కూంబ్స్ (ఎర్రకణాలకి యాంటీబాడీలు అంటుకున్నాయా అని చూసే టెస్ట్) పెడతాం: పాజిటివ్ అయితే ఎక్కువగా ఆటోఇమ్యూన్, అంటే ఒళ్లే తన కణాల మీద దాడి చేయడం, నెగెటివ్ వచ్చి ఇంట్లో ఇంకొకరికి కూడా ఉంటే వంశపారంపర్య స్ఫీరోసైటోసిస్ వైపు చూస్తాం. కణాల ముక్కలు కనబడి ప్లేట్‌లెట్లు కూడా పడిపోయి ఉంటే రిపోర్ట్ టైప్ అయ్యేదాకా ఆగకూడదు, డాక్టర్‌కి ఫోన్ కొట్టాల్సిందే, టీటీపీ (సన్న రక్తనాళాల్లో గడ్డలు కట్టే ప్రమాదకరమైన జబ్బు) కావచ్చు.

అపోహ: జీ6పీడీ (ఎర్రకణాన్ని కాపాడే ఎంజైమ్) టెస్ట్ నార్మల్ వచ్చింది, ఆ లోపం లేదు.
కణాలు పగిలిన వెంటనే టెస్ట్ చేస్తే, ఎంజైమ్ తక్కువున్న పాత కణాలు అప్పటికే పోయి ఉంటాయి, మిగిలినవి కుర్ర కణాలు, వాటిలో ఎంజైమ్ బాగానే ఉంటుంది. అందుకే రెండు మూడు నెలలాగి మళ్లీ చేయించాలి.

అపోహ: సికిల్ టెస్ట్ పాజిటివ్ అంటే జబ్బే.
ముందుగా చేసే ఈ సాల్యుబిలిటీ టెస్ట్‌కి క్యారియర్‌కీ (ఒక్క సికిల్ జన్యువే ఉన్నవాళ్లు) జబ్బున్న మనిషికీ తేడా తెలీదు. పాడేరు, అరకు వైపు పిల్లల విషయంలో ఈ కంగారు ఎక్కువ చూస్తాం. హిమోగ్లోబిన్ రకాల్ని విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ చేస్తే తేలుతుంది, కాకపోతే ఆ శాంపిల్ రక్తం ఎక్కించకముందే తీయండి బాబూ, ఎక్కించాక పంపితే సగం దాత రక్తాన్నే మేం చదువుతాం.