ముందు ఎండుటాకులు దాచుకోండి

చిరంజీవులైన పిల్లలకు,

ఆశీస్సులు. వంటింటి చెత్తతో ఎరువు తయారు చేయాలనుకుంటున్నామని, ఎంత పెద్ద కుండ కొనాలో చెప్పమని మీరు అడిగారు. కుండ సంగతి తరువాత చూద్దాం. ముందుగా ఒక గోనెసంచి నిండా ఎండుటాకులు పోగుచేసి, వాన తగలని చోట పెట్టుకోండి. ఇంట్లో కంపోస్టు మొదలుపెట్టేవారిలో చాలామంది కుండ కొంటారు, ఎరువు తొందరగా తయారవ్వాలని అంగళ్లలో అమ్మే సూక్ష్మజీవుల పొడులు కొంటారు, తొక్కలు వేస్తారు, ఎండుటాకులు మాత్రం మరచిపోతారు. నాలుగు రోజులకు వాసన మొదలై, ఇంట్లోవాళ్లు విసుక్కుంటే, ఆ పనే మానేస్తారు.

ఎండుటాకు ఎందుకంత ముఖ్యమో వివరిస్తాను. తొక్కలను ఎరువుగా మార్చేవి కంటికి కనిపించని బాక్టీరియా, శిలీంధ్రాలు. వాటికి శక్తి కోసం కర్బనం, ఎదుగుదల కోసం నత్రజని కావాలి. ఒక పాలు నత్రజనికి 25 నుంచి 30 పాళ్ల కర్బనం అందినప్పుడు అవి చురుకుగా పనిచేస్తాయి. కూరగాయల తొక్కల్లో, వాడిన టీ పొడిలో నత్రజని, నీరు ఎక్కువ. ఎండుటాకుల్లో, రంపపు పొట్టులో, కొబ్బరి పొట్టులో కర్బనం ఎక్కువ. ఈ లెక్కను తూకం వేసి చూడనక్కరలేదు. గిన్నెడు తొక్కలకు రెండు గిన్నెల నలిపిన ఎండుటాకులు వేస్తే చాలు.

మాఘ, ఫాల్గుణ మాసాలలో కానుగ, వేప, రావి చెట్ల ఆకులు రాలి వీధుల్లో గుట్టలుగా పడి ఉంటాయి. వాటిని ఊడ్చి నిప్పు పెడుతుంటే నాకు ఎంతో బాధ కలుగుతుంది, ఎందుకంటే మట్టికి చేరవలసిన సారం అలా పొగై మన ఊపిరితిత్తుల్లోకి పోతోంది. ఏడాదికి సరిపడా ఆకును ఆ రోజుల్లోనే ఎత్తిపెట్టుకోండి. మామిడి, పనస ఆకులు దళసరిగా ఉండి నెమ్మదిగా కుళ్లుతాయి కాబట్టి చిన్న ముక్కలుగా చేసి వేయండి.

పచ్చిదానినీ ఎండుదానినీ పొరలుగా పేర్చడం మన దేశపు రైతులకు పాత విద్యే. ఆల్బర్ట్ హోవర్డ్ అనే శాస్త్రవేత్త 1924 నుంచి 1931 వరకు ఇండోర్‌లో పనిచేస్తూ, పంట వ్యర్థాలను పేడతో కలిపి కుళ్లబెట్టే విధానాన్ని శాస్త్రబద్ధం చేయగా, అది ఇండోర్ పద్ధతిగా ప్రపంచమంతటా వ్యాపించింది. అలాంటి పెద్ద కుప్పలో వేడి 60 డిగ్రీల దాకా వెళ్లి రోగకారక క్రిములు, కలుపు విత్తనాలు చాలావరకు నశిస్తాయి. మన చిన్న కుండలో అంత వేడి పుట్టదు. అందువల్ల తెగులు సోకిన మొక్కలు, మాంసం, ఎముకలు, నూనె ఓడే కూరలు అందులో వేయకండి.

కుండ 20 లీటర్లది చాలు. పాత బకెట్ అయినా ఫరవాలేదు. అడుగునా చుట్టూ పెన్సిలు దూరేటంత రంధ్రాలు చేసి, నీడలో ఇటుకల మీద నిలబెట్టి, అడుగున నాలుగు వేళ్ల మందాన ఆకులు పరచండి. ఆపైన పిడికెడు పాత ఎరువో తోట మట్టో చల్లితే, పాలకు తోడు పెట్టినట్టు, కావలసిన సూక్ష్మజీవులు అందులోంచే వస్తాయి. పొడులు కొనడం నా దృష్టిలో అనవసరం. రోజూ తొక్కలు వేసిన వెంటనే వాటిపై ఆకులు కప్పాలి, వారానికి రెండుసార్లు కర్రతో అడుగుదాకా కదిలించాలి.

తేమ సరిగా ఉందో లేదో తెలియాలంటే ఒక గుప్పెడు తీసి గట్టిగా పిండండి. వేళ్ల సందుల్లో ఒకటి రెండు చుక్కలు మెరిస్తే సరిపోయినట్టు, ధారగా కారితే నీరు ఎక్కువైనట్టు, పొడిగా రాలిపోతే కాసిన్ని నీళ్లు చిలకరించాలి. వాసనను కూడా జాగ్రత్తగా గమనించండి. ముక్కు పుటాలకు ఘాటుగా తగిలితే నత్రజని మితిమీరి అమ్మోనియాగా పోతోందని అర్థం, అప్పుడు ఆకులు పెంచాలి. కుళ్లిన గుడ్డు వాసన వస్తే గాలి ఆడటం లేదని అర్థం, వెంటనే కలియబెట్టి ఎండు సరుకు కలపాలి. అన్నం మెతుకులపై దూదిలాంటి తెల్లని బూజు కనిపిస్తే భయపడకండి, అది తన పని తాను చేస్తోంది.

కుండ నిండాక మూతపెట్టి, రెండో కుండ మొదలుపెట్టండి. మన ఎండలకు మొదటిది రెండు మూడు నెలల్లో ముదురు గోధుమరంగుకు మారి, వాన పడిన నేల వాసన వేస్తుంది. తొక్క ఏదో ఆకు ఏదో గుర్తుపట్టలేని స్థితికి వచ్చాకనే వాడాలి, ఎందుకంటే సగం మగ్గిన ఎరువు మట్టిలోని నత్రజనిని తానే లాక్కొని మొక్కను పసుపుబారుస్తుంది. జల్లెడ పట్టి, మూడు పాళ్ల మట్టికి ఒక పాలు ఎరువు చొప్పున కలిపి, వంగ, టమాటా నారు నాటుకోండి. జల్లెడలో మిగిలిన ముతకను రెండో కుండలో వేసేయండి.

ఇట్లు,
మీ తాతయ్య