ఎఫ్‌సీ రుసుము గొడవలో కనిపించని ఓజోన్

పాత లారీల ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) రుసుము మీద వివాదం మళ్లీ రాజుకుంది. 2025 నవంబర్‌లో కేంద్ర రవాణా శాఖ రుసుములను సవరించి, 20 ఏళ్లు దాటిన భారీ వాహనానికి 25,000 రూపాయలు ఖరారు చేసింది. కాలం చెల్లిన బండ్లు రోడ్డు మీద తగ్గితే గాలి బాగుపడుతుందన్నది ప్రభుత్వం చెప్పే కారణం. తాడిపత్రి నుంచి సిమెంటు, బేతంచెర్ల నుంచి నాపరాళ్లు మోసుకుపోయే లారీల యజమానుల ప్రశ్న వేరు: పొల్యూషన్ సర్టిఫికెట్ చేతిలో ఉన్న బండికి కాలుష్యం పేరు చెప్పి ఇంత రుసుము ఎందుకు కట్టాలి? దీన్ని స్వార్థంగా కొట్టిపారేయడం తేలికే కానీ, నిజాయితీగా జవాబు చెప్పాలంటే జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం మొదలైన 2019 దగ్గరికి వెళ్లాలి.

రాయలసీమకు సంబంధించి ముందుగా తెలియాల్సింది ఓజోన్ అనే వాయువు సంగతి. ఇది ఏ సైలెన్సర్ నుంచీ నేరుగా రాదు. డీజిల్ ఇంజన్ వదిలే నైట్రోజన్ ఆక్సైడ్లకు, పెట్రోలు ఆవిరి వంటి కర్బన వాయువులకు ఎండ తోడైనప్పుడు నేలమట్టంలో పుట్టి, ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. లారీలకూ ఎండకూ కొదవలేని మన జిల్లాల్లో దీని గురించి ముందే తెలియలేదని చెప్పడానికి కూడా వీల్లేదు. అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2001-2003 మధ్యనే నేలమట్టపు ఓజోన్‌ను, దానికి మూలమైన వాయువులను కొలిచి, అది వేసవిలో పెరిగి వానాకాలంలో తగ్గుతుందని ప్రచురించారు. ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు, ఎనిమిది గంటల సగటు అనే జాతీయ ప్రమాణం వచ్చింది 2009 నవంబర్‌లో. అంటే ప్రమాణం కంటే ముందే మన దగ్గర కొలత ఉంది.

2019 జనవరిలో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం ఈ కొలతను పక్కకు నెట్టేసింది. ప్రమాణాలు అందుకోలేని నగరాల తొలి జాబితాలో కర్నూలు ఉంది. అదే ఏడాది అనంతపురం, కడప కూడా చేరి, రాష్ట్రంలో అలాంటి నగరాలు 13 అయ్యాయి. జాబితాలో చేర్చడానికి ధూళి కణాలనో నైట్రోజన్ డయాక్సైడ్‌నో చూశారు కానీ, లక్ష్యం మాత్రం ధూళి కణాలకే పెట్టారు. 2024 నాటికి 20 నుంచి 30 శాతం తగ్గించాలని మొదట అన్నారు, తర్వాత దాన్ని 2025-26 నాటికి 40 శాతంగా మార్చారు. నగరం పనితీరును పీఎం10 (పది మైక్రాన్లలోపు ధూళి కణాలు) అంకెతో తూచి, నిధులను దానికి ముడిపెట్టారు. ఏ మున్సిపాలిటీ అయినా ఏ అంకెకు డబ్బు వస్తుందో దాని మీదే పనిచేస్తుంది. వానలు తక్కువై, ఎర్రమట్టి ఎగిరే ఊళ్లలో పీఎం10 అంటే ముందుగా కళ్లకు కనిపించేది రోడ్డు దుమ్మే కాబట్టి ఊడ్చే యంత్రాలు, నీళ్లు చల్లడం, రోడ్ల అంచులకు సిమెంటు వేయడమే ప్రణాళికలయ్యాయి. దేశమంతటా ఇదే జరిగిందని ఢిల్లీలోని పర్యావరణ పరిశోధన సంస్థ సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2024లో లెక్క తేల్చింది: విడుదలైన సుమారు 10,566 కోట్ల రూపాయల్లో ఖర్చయిన సొమ్ములో 64 శాతం దుమ్ము నివారణకే పోగా, వాహన కాలుష్యానికి దక్కింది 12.63 శాతం. దుమ్ము ప్రమాదకరమే, దాన్ని తగ్గించాల్సిందే. అయితే ఓజోన్‌ను పుట్టించే వాయువుల మీద దృష్టి పెట్టాల్సిన అవసరం ఈ ఒక్క నిర్ణయంతో ఎవరికీ లేకుండా పోయింది.

కొలిచే చోటు కూడా చిక్కుతో కూడినదే. మనుషులు నమూనాలు తీసి పరీక్షించే పాత పద్ధతి కేంద్రాలు మామూలుగా ఓజోన్‌ను లెక్కలోకి తీసుకోవు. అనంతపురంలో గుల్జార్‌పేట, కడపలో ఎర్రముక్కపల్లి కేంద్రాల వంటి ఆటోమేటిక్ కేంద్రాలు దాన్ని నమోదు చేయగలవు. అవి ఊరి నడుమ ఉన్నాయి. వాహనాల రద్దీ ఉన్నచోట అప్పుడే వెలువడిన నైట్రిక్ ఆక్సైడ్ (నైట్రోజన్ ఆక్సైడ్లలో ఒకటి) ఓజోన్‌ను అక్కడికక్కడే హరిస్తుంది. గాలి ఊరు దాటాక, పొలాల మీదికి పోయాక అది తిరిగి పెరుగుతుంది. అందుకే ఊరి నడుమ అంకె తక్కువగా కనిపించినంత మాత్రాన జిల్లా క్షేమంగా ఉందని అనుకోకూడదు.

ఇప్పుడు లారీ యజమాని చేతిలోని సర్టిఫికెట్ చూద్దాం. పొగ పరీక్షలో సైలెన్సర్‌లోకి గొట్టం దూర్చి, యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కి, వచ్చిన పొగ ఎంత చిక్కగా ఉందో యంత్రంతో చూస్తారు. బీఎస్ (భారత్ స్టేజ్) అంటే కొత్త బండ్ల ఉద్గారాలకు ప్రభుత్వం పెట్టే ప్రమాణం. పొగ చిక్కదనం అంకె బీఎస్-4కు ముందరి డీజిల్ బండికి 65, బీఎస్-4కు 50 దాటకపోతే పాస్. నైట్రోజన్ ఆక్సైడ్ల ఊసే ఇందులో లేదు. ఫ్యాక్టరీ ప్రమాణం ప్రకారం బీఎస్-3 భారీ ఇంజన్ కిలోవాట్-గంటకు 5 గ్రాముల నైట్రోజన్ ఆక్సైడ్లు వదలవచ్చు, 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 ఇంజన్‌కు ఆ పరిమితి అర గ్రాములోపే. పది రెట్లకు పైగా తేడా ఉన్న రెండు బండ్లకూ పరీక్షలో దొరికేది ఒకే పాస్. అంతకంటే బాధాకరం, కొత్త లారీలో నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించే యూరియా ద్రావణం వ్యవస్థను పనిచేయకుండా చేసినా పొగ నల్లగా రాకపోతే ఈ పరీక్షలో పట్టుబడదు.

యజమానుల వాదనకు బలం ఇక్కడుంది. రుసుమును బండి వయసు నిర్ణయిస్తుంది కానీ, అది వదిలే వాయువు కాదు. ఇంజన్ విప్పించి, ఇంజెక్టర్లు మార్పించి, బండిని జాగ్రత్తగా చూసుకునేవాడూ ఏమీ పట్టించుకోనివాడూ ఒకే రుసుము కడతారు. ఒకే లారీ మీద బతికే కుటుంబానికి, బాడుగ దొరకని నెలలో కిస్తీతో పాటు ఇది కూడా కట్టడం కష్టం. పాత బండ్లు ఎక్కువ వాయువు వదులుతాయన్న ప్రభుత్వం మాట నిజమే. ఆ నిజాన్ని కొలిచి చూపించే ఏర్పాటు చేయకుండానే రుసుము ఖరారైంది.

రోడ్ల ప్రణాళికదీ ఇదే తీరు. అమెరికాలో 1990 నాటి వాయు చట్ట సవరణల తర్వాత, ఓజోన్ హద్దు దాటిన ప్రాంతంలో రవాణా ప్రణాళిక వేసేవారు మొత్తం వాహనాల ఉద్గారాలు నిర్ణీత పరిమితిలో ఉంటాయని ముందుగా చూపించాలి. అట్లాంటా 1998లో అలా చూపించలేకపోవడంతో చాలావరకు కొత్త రోడ్లకు కేంద్ర నిధులు ఆగాయి. 1999లో జార్జియా రాష్ట్రం ప్రాంతీయ రవాణా సంస్థను ఏర్పాటు చేయాల్సి వచ్చింది. మన దగ్గర 44వ జాతీయ రహదారి కర్నూలు, డోన్, గుత్తి, అనంతపురం, పెనుకొండ మీదుగా సాగుతుంది. కొడికొండ నుంచి కడప జిల్లా మీదుగా బెంగళూరు-విజయవాడ కొత్త రహదారి నిర్మాణంలో ఉంది. పర్యావరణ పరిశీలన ఒక్కో రోడ్డును విడిగా చూస్తుంది, మున్సిపాలిటీ వాయు ప్రణాళిక ఊరి పొలిమేర దగ్గర ఆగుతుంది, పట్టణాభివృద్ధి సంస్థ మాస్టర్ ప్లాన్ రోడ్డు వెడల్పు చెబుతుంది. వీటన్నిటి మీద తిరిగే బండ్ల మొత్తం ఉద్గారాల లెక్క ఎవరూ అడగరు. కేంద్ర పథకం పీఎం ఈ-బస్ సేవ కింద కర్నూలు, అనంతపురం, కడప నగరాలకు 50 చొప్పున కేటాయించిన విద్యుత్ బస్సులు మంచివే అయినా, హైవే మీది డీజిల్ లారీ వాటి పరిధిలోకి రాదు.

ఈ లెక్క రైతుకూ కావాలి. ఓజోన్ ఆకు రంధ్రాల గుండా లోపలికి చేరి దిగుబడి తగ్గిస్తుంది, వేరుశనగ దీనికి తట్టుకోలేని పంటల్లో ఒకటి. ఖరీఫ్ పంట వానల్లో పెరుగుతుంది కాబట్టి కొంత నయం. బోర్ల కింద వేసే రబీ వేరుశనగ కాయలు ఊరేది మాత్రం ఎండలు ముదిరి ఓజోన్ పెరిగే రోజుల్లోనే.

జాతీయ కార్యక్రమానికి పెట్టుకున్న గడువు 2025-26. తర్వాతి దశకు నిధులను పీఎం10 ఒక్కదానితోనే ముడిపెడతారా, ఓజోన్‌ను, నైట్రోజన్ ఆక్సైడ్లను కూడా చేర్చి ఊరి బయట కొలత కేంద్రాలు పెడతారా, పొగ పరీక్షలో ఆ వాయువుల కొలత తెస్తారా అన్నది తేలేదాకా ఎఫ్‌సీ రుసుము ఎంత ఉండాలన్న బేరం గాలికి ఏ మేలూ చేయదు.